నలభై దాటాక గుర్రం ఎక్కాలంటే: విశాఖవాసులకు లెక్కలు, జాగ్రత్తలు

"ఈ వయసులో గుర్రాలేటి?" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఎవరూ అనకపోతే మీరే అద్దం ముందు అనుకొని ఉంటారు. వయసు సంగతి ముందే తేల్చేద్దాం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జపాన్ రౌతు హిరోషి హోకెట్సు 71 ఏళ్ళకు, గుర్రంతో చెప్పినట్టు అడుగులు వేయించే డ్రెసాజ్‌లో పోటీపడ్డాడు. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ హోయ్ టోక్యోలో 62 ఏళ్ళకు పతకాలు గెలిచాడు. వాళ్ళు చిన్నప్పటి నుంచీ గుర్రాల మీదే పెరిగినవాళ్ళు, నిజమే. కానీ వారానికి రెండు రోజులు నెమ్మదిగా స్వారీ చేయడానికి ఒలింపిక్ శరీరం అక్కర్లేదు.

మనసులో గుచ్చుకునేది అసలు వయసు కాదు. పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో గుర్రం మీద డబ్బు పెట్టామన్న బాధ, ఆదివారం పొద్దున ఇంట్లో లేమన్న బాధ, మన బరువు మోస్తున్న ఆ జంతువు ఏమనుకుంటోందో అన్న బాధ, ఇవన్నీ కలిసి ఒకే ముద్దలా ఉంటాయి. విడదీసి చూస్తే మొదటి రెండూ లెక్కకు లొంగుతాయి. మూడోది లొంగదు, లొంగకూడదు కూడా. ఈ వ్యాసంలో సగం దాని గురించే.

ముందు గడియారం

ముప్పావుగంట పాఠం అంటే ముప్పావుగంటే అని ఇంట్లో చెప్పకండి. అబద్ధం అవుతుంది. గుర్రానికి మాలిష్ చేసి, గిట్టలు శుభ్రం చేసి, జీను కట్టడానికి అరగంట. స్వారీ ముప్పావుగంట. దిగాక గుర్రాన్ని నడిపించి, నీళ్ళు పోసి, సామాను తుడిచి పెట్టడానికి మరో అరగంట. దీనికి దారి కలపండి. మధురవాడలో ఉండి ఆనందపురం వైపు వెళ్ళేవారికి పరవాలేదు. గాజువాకలో ఉండి భీమిలి వైపు వెళ్ళాలంటే రానూపోనూ దారికే ఒక పూట పోతుంది. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం వరకు ఎంత పడుతుందో ఒకసారి గడియారం పెట్టి చూసి, ఆ అంకెనే ఇంట్లో చెప్పండి. సాధారణంగా మూడు గంటలకు తగ్గదు.

స్టీల్ ప్లాంటులోనో ఫార్మా కంపెనీలోనో షిఫ్టుల్లో పనిచేసేవారు "వీలైనప్పుడు వస్తాను" అని చేరకండి. నైట్ షిఫ్టు దిగి నేరుగా గుర్రం ఎక్కడం తాగి బండి నడిపినంత ప్రమాదం. మీ షిఫ్టు చార్టు కోచ్‌కు చూపించి, నెలకు ఆరు పాఠాలకే ఒప్పుకోండి. ఎనిమిదికి డబ్బు కట్టి నాలుగు పోగొట్టుకోవడం కన్నా అది నయం.

తర్వాత డబ్బు

వరుస ముఖ్యం. ఇంటి ఖర్చుకు ఆరు నెలలకు సరిపడా నిల్వ, కుటుంబమంతటికీ ఆరోగ్య బీమా, ఈ ఏడాది పిల్లల ఫీజులు, పెద్దవాళ్ళ మందులు. ఇవి పక్కన పెట్టాక మిగిలిన దాంట్లోంచే గుర్రం. దీనికోసం విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన రోజే నిర్ణయించుకున్న మొత్తం అందులోకి వెళ్ళేలా పెట్టండి. ఖాతా ఖాళీ అయితే ఆ నెలకు స్వారీ లేదు. క్రెడిట్ కార్డు మీద కొన్న జీను మీద ఎవరూ హాయిగా కూర్చోలేరు.

ఒక పాఠానికి అసలు ఎంత పడుతోందో చూడండి. ఫీజు 800 రూపాయలు, నెలకు 8 పాఠాలు, రానూపోనూ 40 కిలోమీటర్లు, కారు లీటరుకు 15 కిలోమీటర్లు, పెట్రోలు లీటరు 110 అనుకుందాం. మీ అంకెలు మీరు పెట్టుకోండి. ఫీజు 6,400. పెట్రోలు సుమారు 2,350. సయీసుకు (గుర్రాన్ని చూసుకునే మనిషికి) 500. హెల్మెట్, బూట్లు, బట్టలకు మొత్తం 18,000 పెట్టి మూడేళ్ళు వాడితే నెలకు 500. అంతా కలిపి 9,750. అంటే పాఠానికి 800 కాదు, సుమారు 1,220. అందులో రెండు పాఠాలు ఎగ్గొడితే పెట్రోలు కొంత తగ్గినా, హాజరైన ఒక్కో పాఠం 1,500 దాటుతుంది. ఈ వ్యాపకంలో డబ్బు కరిగిపోయేది ఎక్కువగా ఇలాగే, డబ్బు కట్టి వెళ్ళని రోజుల్లో.

మొదటి ఆరు నెలల్లో కొనకూడనివి: సొంత జీను, సొంత కళ్ళెం, మోకాళ్ళ దాకా వచ్చే తోలు బూట్లు, కొరడా. జీను గుర్రం వీపుకు సరిపోవాలి, మీకు నచ్చితే చాలదు. గుర్రం మారితే ఆ జీను అటకెక్కుతుంది.

దసరాకు సయీసుకు మామూలు ఇవ్వడం మరచిపోకండి. గుర్రానికి ఒంట్లో ఎలా ఉందో, రాత్రి సరిగా తిన్నదో లేదో కోచ్ కన్నా ముందు తెలిసేది ఆయనకే. ఆయన మీతో మాట్లాడే స్థితిలో ఉండాలి.

ఇంట్లో ఎలా చెప్పాలి

లెక్క వేసిన కాగితం చేతిలో పెట్టుకుని చెప్పండి. "నెలకు ఇంత, ఏ రోజు, ఎన్ని గంటలు, ఏడాది తర్వాత మళ్ళీ కూర్చుని చూద్దాం." నాలుగు ముక్కలు చాలు. భార్యకో భర్తకో అంతే సమయం వారంలో ఇంకో రోజు ఖాళీ ఇవ్వండి, అడగకముందే. ఆ మూడు గంటలు ఏం చేస్తారన్నది వాళ్ళ ఇష్టం. మీరు శనివారం పొద్దున లాయంలో ఉంటే, ఆదివారం పొద్దున వంటింట్లో ఉండండి. గారెల పప్పు రుబ్బితే గుర్రం గురించి ఎవరూ పెద్దగా అడగరు.

ఖర్చు దాచకండి. దాచిన 500 బయటపడితే చెప్పిన 9,000 మీద కూడా అనుమానం వస్తుంది. "ఆరోగ్యం కోసం" అని కూడా నెట్టుకురాకండి. ఆరోగ్యం కోసమే అయితే కైలాసగిరి ఎక్కి దిగితే సరిపోతుంది, పెద్ద ఖర్చు లేదు. ఇష్టం కాబట్టి చేస్తున్నానని చెప్పడం మొదట కష్టంగా ఉంటుంది, తర్వాత అదే తేలిక.

డాక్టరు దగ్గర

రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? అయితే వైద్యుడు స్పష్టంగా సరే అనేదాకా గుర్రం ఎక్కకండి. తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం ఆగకపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో పొద్దున్నే రాకండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి, ఆ సంగతి కోచ్‌కు చెప్పండి. నెలసరి ఆగిన స్త్రీలు ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకుని మొదలుపెట్టడం మంచిది. నడుము డిస్కు సమస్య ఉంటే ట్రాట్ (గుర్రం ఎగిరెగిరి వేసే చిన్న పరుగు) గురించి ప్రత్యేకంగా అడగండి, నడక గురించి కాదు. పదేళ్ళలో టెటనస్ ఇంజెక్షన్ తీసుకోకపోతే ఇప్పుడు తీసుకోండి. ఆ క్రిములు గుర్రపు పేడలోనూ లాయం మట్టిలోనూ ఉంటాయి.

చాలామందికి తట్టని విషయం కళ్ళద్దాలు. ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం దగ్గరి చూపుకు. గుర్రం మీద నుంచి కిందికి చూస్తే నేల మసకగా, ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది. దిగేటప్పుడు అంచనా తప్పేది అందుకే. దూరపు చూపుకు మాత్రమే ఉన్న జత ఒకటి, వెనక పట్టీతో, స్వారీకి విడిగా ఉంచుకోండి.

బీమా పాలసీ తీసి చదవండి. మన దేశంలోని ఆరోగ్య పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు "వృత్తిగా" పాల్గొనేవారికి అని ఉంటుంది, గుర్రపు పందేలు ఆ జాబితాలోనే ఉంటాయి. సరదా స్వారీ వేరు. కానీ ప్రమాద బీమా పాలసీల్లో మాటలు వేరుగా ఉండవచ్చు. ఏజెంటు నోటిమాట చాలదు, మెయిల్‌లో రాయించుకోండి.

చేరడానికి ఒక నెల ముందు నుంచి ఇంట్లో మూడు పనులు చేయండి. మెట్టు అంచున మునివేళ్ళ దగ్గరి పాదం ఆనించి, మడమలు కిందికి దించి అరనిమిషం, ఐదుసార్లు. బద్ధకోణాసనం (అరికాళ్ళు కలిపి కూర్చునే ఆసనం) రెండు నిమిషాలు. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద అరనిమిషం, కాలు మార్చి మళ్ళీ. తొడల లోపలి కండరాలు బిగుసుకుపోయి ఉండడమే నలభై దాటినవారి అసలు అడ్డంకి.

లాయం ఎంచుకోవడం

బీచ్ రోడ్డు మీద ఫొటోలకు తిప్పే గుర్రాలతో నేర్చుకోవాలనుకోకండి. అవి చాలావరకు చిన్నవి, పెద్దవాళ్ళ బరువుకు తగవు. ఇది లెక్క వేసి చెబుతున్న మాట. గుర్రం తన బరువులో 15 నుంచి 20 శాతం వరకు మోయగలదు, అందులో జీను, బూట్లు అన్నీ కలిపి. గుర్రం బరువు దర్జీ టేపుతోనే తెలుసుకోవచ్చు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ కొలత సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించండి. భుజం ముందు కొస నుంచి పిరుదు వెనక కొస దాకా పొడవు కొలిచి, దానితో మళ్ళీ హెచ్చించండి. వచ్చినదాన్ని 11,880తో భాగిస్తే కిలోలు. చుట్టు 170, పొడవు 155 అయితే సుమారు 377 కిలోలు. దానిలో 20 శాతం 75. జీను 8 కిలోలు, బూట్లూ హెల్మెట్టూ 2 పోతే, ఆ గుర్రం మీద 65 కిలోలు దాటినవారు కూర్చోకూడదు. మీరు 85 అయితే కనీసం 475 కిలోల గుర్రం కావాలి. అది లేని చోట చేరకండి, లేదా బరువు తగ్గేదాకా నేల మీద పనులు నేర్చుకోండి.

చేరేముందు చెప్పకుండా ఒకసారి, పొద్దున మేత వేళకు వెళ్ళండి. ముందు నీళ్ళ తొట్టె చూడండి. గుర్రం రోజుకు 25 నుంచి 50 లీటర్లు తాగుతుంది, మన వేసవిలో ఇంకా ఎక్కువ. తొట్టె ఖాళీగానో పాచిపట్టో ఉంటే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయవచ్చు. తర్వాత మేత. గుర్రం తన బరువులో 1.5 నుంచి 2.5 శాతం ఎండుమేత లెక్కన తినాలి, అంటే 450 కిలోల గుర్రానికి దాదాపు 7 నుంచి 11 కిలోలు. పచ్చిగడ్డిలో నీరే ఎక్కువ కాబట్టి అదే వేస్తే తూకం మూడు నాలుగు రెట్లు ఉండాలి. మన వైపు పశువులకు వేసే వరిగడ్డి ఒక్కటే వేస్తుంటే అది చాలదు. పోషకాలు తక్కువ, పేగులో ఉండకట్టే ప్రమాదం ఎక్కువ. గరిక మంచిది. హైబ్రిడ్ నేపియర్ అనే పొడవాటి గడ్డి ఒక్కటే వేస్తే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. దానికి తోడు రోజూ తవుడు పెడితే ఇంకా చేటు, దవడ ఎముకలు ఉబ్బుతాయి. కొంత లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) కలిపితే సర్దుకుంటుంది. ఉలవలు మనవాళ్ళు తరాలుగా పెడుతున్నవే. నానబెట్టో ఉడికించో పెట్టాలి, ఒక్కసారిగా కాదు. ఏ దాణా అయినా పూటకు 2 కిలోలు మించకూడదు, మార్చాలంటే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. గుర్రం కక్కలేదు. తప్పు మేత లోపలికి వెళ్ళిందంటే దారి ముందుకే.

జీను తీశాక వీపు చూడండి. వెన్ను మీద తెల్ల వెంట్రుకల మచ్చలుంటే పాత జీను పుండ్ల గుర్తులు. నోటి మూలల్లో కోతలున్నాయా? గిట్ట ఎత్తి చూపించమనండి. లాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మార్చాలి. గిట్ట లాడం మీదుగా పెరిగి బయటికి వచ్చి ఉంటే ఎప్పుడు మార్చారో అడగనక్కర్లేదు. ఒకే గుర్రం రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తోందో, వారానికి ఒక రోజైనా సెలవుందో అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే చోట జవాబు మంచిది కాదు.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుంది" అని సామెత. దీన్ని పట్టుకునే చాలామంది కొరడా తీస్తారు. గుర్రం నిజంగానే మూడుకాళ్ళ మీద నడుస్తుంటే నాలుగో కాలు నొప్పిగా ఉందేమో ముందు చూడాలి. ట్రాట్‌లో ముందుకాలు కుంటుతుంటే, నొప్పికాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది. అది కనిపించిన రోజు మీరు ఫీజు కట్టినా ఎక్కకండి. ఆ ఒక్క బాధ మాత్రం మనసులో అలాగే ఉండనివ్వండి.

ఏం వేసుకోవాలి

హెల్మెట్ మీద పొదుపు వద్దు. బైకు హెల్మెట్ బరువెక్కువ, మెడను లాగుతుంది. క్రికెట్‌దీ సైకిల్‌దీ ఈ పడడానికి చేసినవి కావు. లోపలి చీటీ మీద ఏఎస్‌టీఎమ్ ఎఫ్1163 లాంటి స్వారీ ప్రమాణం రాసి ఉండాలి. కనుబొమలకు రెండు వేళ్ళ పైన కూర్చోవాలి. పట్టీ కట్టకుండా తల వంచి ఊపితే జారకూడదు. ఒకసారి గట్టిగా పడ్డాక, పైకి పగులు కనిపించకపోయినా మార్చేయండి. పడకపోయినా ఐదేళ్ళకు. లాయంలో అందరూ పెట్టుకునే హెల్మెట్ ఎన్నిసార్లు పడిందో ఎవరికీ తెలియదు.

పాదరక్షకు అంగుళం మడమ, సాఫీ అడుగు ఉండాలి. స్పోర్ట్స్ షూస్ వద్దు. మడమ లేక పాదం రికాబులోంచి (జీనుకు వేలాడే, పాదం పెట్టే ఇనుప వలయంలోంచి) దూసుకుపోతుంది, పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. రికాబు మీ బూటు కన్నా రెండున్నర సెంటీమీటర్లు వెడల్పు ఉండాలి. జీన్సు లోపలి కుట్టు తొడలను కోస్తుంది. సాగే కాటన్ లెగ్గింగ్స్ నయం. చున్నీ ఇంట్లోనే వదిలేయండి. మంగళసూత్రం, గొలుసులు లోపలికి వేసి పైన పిన్ను పెట్టండి. ఉంగరాలు తీసేయండి, పగ్గం లాగితే వేలు చీలిపోతుంది.

గుర్రం మీద మొదటి పన్నెండు వారాలు

ఎక్కేది ఎత్తుపీట మీద నుంచే. నేల నుంచి లాక్కుని ఎక్కితే మీ మోకాలికి, గుర్రం వెన్నుకు ఇద్దరికీ చేటు. వరుస ఇది:

1. గుర్రం ఎడమ భుజం పక్క నిలబడండి. పొట్టపట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, నాలుగు దూరకూడదు.
2. రికాబు పొడవు చూడండి. వేళ్ళ కొనలు జీను మీద రికాబు పట్టీ తగిలించే చోట పెట్టి చెయ్యి చాపితే, రికాబు చంకకు తగలాలి. ఇది సుమారు కొలత, ఎక్కాక సరిచేసుకోండి.
3. ఎడమచేత్తో పగ్గాలూ కాస్త జూలూ కలిపి పట్టుకోండి. పగ్గాలు ఒక్కటే పట్టుకుని లాగితే నోరు నొప్పి పుట్టి గుర్రం వెనక్కి నడుస్తుంది.
4. పీట ఎక్కి ఎడమ పాదం రికాబులో పెట్టండి. బొటనవేలు గుర్రం పొట్టలో గుచ్చుకోకూడదు. ఎక్కబోతుంటే గుర్రం కదిలిపోవడానికి సగం కారణం ఇదే.
5. కుడికాలు గుర్రం పిరుదుకు తగలకుండా దాటించి, దబ్బున కూలబడకుండా మెల్లగా కూర్చోండి.
6. ఐదు నిమిషాలు నడిచాక పొట్టపట్టీ మళ్ళీ చూడండి. కట్టేటప్పుడు గుర్రాలు పొట్ట బిగిస్తాయి, తర్వాత వదులవుతుంది. జీను పక్కకు తిరిగి పడిపోయేవారంతా ఈ ఆరో మెట్టు దాటేసినవారే.

మొదటి నాలుగు వారాలు లంజ్ తాడు మీదే నేర్చుకోండి. కోచ్ మధ్యలో నిలబడి పొడవైన తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతారు, మీ చేతిలో పగ్గాలు ఉండవు. పిల్లల పాఠంలా ఉందని నామోషీ పడకండి. పగ్గాలు పట్టుకుని నిలకడ నేర్చుకున్నవారు జీవితాంతం గుర్రం నోటిని పట్టుకునే నిలబడతారు.

పక్క నుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీత మీద ఉండాలి. మీరు ఇరవై ఏళ్ళుగా కుర్చీలో కూర్చునే మనిషి కాబట్టి భుజాలు ముందుకు వాలతాయి, కళ్ళు గుర్రం చెవుల మీదే ఉంటాయి. దూరంగా ఒక చెట్టునో స్తంభాన్నో చూడండి, భుజాలు వాటంతట అవే వెనక్కి వస్తాయి. మోకాళ్ళతో నొక్కి పట్టుకోకండి. నొక్కినకొద్దీ తడి చేతిలో సబ్బులా మీరే పైకి జారతారు. ఊపిరి బిగబట్టడం మరో జబ్బు. బిగబడితే నడుము రాయిలా అవుతుంది, గుర్రం కూడా బిగుసుకుంటుంది. లెక్క పైకి అనండి, లేదా పాట పాడండి. పాడేవాడు ఊపిరి బిగబట్టలేడు.

ఐదో వారం నుంచి ట్రాట్. దీనికి రెండు దెబ్బల తాళం. ఒక దెబ్బకు లేచి, ఒక దెబ్బకు కూర్చోవాలి. గుండ్రంలో తిరిగేటప్పుడు బయటివైపు ముందుభుజం ముందుకు వెళ్ళినప్పుడు మీరు లేవాలి. తప్పితే వరుసగా రెండు దెబ్బలు కూర్చుని మళ్ళీ లేవండి, సరిపోతుంది. పైకి ఎగరడం కాదు, తుంటిని ముందుకు తోయడం. ఎత్తు రెండు అంగుళాలు చాలు. ఈ దశలో చాలామంది రెండు మూడు వారాలు ఇరుక్కుపోయి మానేస్తారు. లోపం తాళంలో ఉండదు, మడమలు పైకి లేచి పాదం వెనక్కి పోవడంలో ఉంటుంది. మెట్టు అంచు వ్యాయామం పనికొచ్చేది ఇక్కడే.

పగ్గాలు చేతికి వచ్చాక ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య నుంచి లోపలికి పోనిచ్చి, బొటనవేలు పైన ఆనించండి. పట్టు పండు తమలపాకు నలగనంత. ఆపాలంటే ముందు నడుము బిగించి ఊపిరి వదలండి, తర్వాత చేతి వేళ్ళు మూయండి, గుర్రం నెమ్మదించిన క్షణంలోనే వదిలేయండి. వదలడంలోనే గుర్రానికి జవాబు అందుతుంది. గుర్రం ఒక్కసారిగా పరుగందుకుంటే రెండు పగ్గాలూ లాగి వేలాడకండి. మీకన్నా దానికి బలం ఎక్కువ. చోటుంటే ఒక పగ్గంతో పెద్ద గుండ్రంలోకి తిప్పి, గుండ్రాన్ని చిన్నది చేస్తూ రండి.

దిగేముందు రెండు పాదాలూ రికాబుల్లోంచి తీయండి. ఒక్క పాదం తీసి దిగడం సినిమాల్లో బాగుంటుంది. పొట్ట మీదుగా జారి, మోకాళ్ళు వంచి నేలను తాకండి.

మర్నాడు కన్నా రెండో రోజు తొడలు ఎక్కువ నొస్తాయి. మెట్లు దిగలేరు, అది మామూలే. ఒకే చోట సూదిలా గుచ్చే నొప్పి, కాలికి తిమ్మిరి మామూలు కాదు. తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నాననిపించినా ఆ రోజు మళ్ళీ ఎక్కకండి, మీరే కారు నడుపుకుంటూ ఇంటికి రాకండి.

మన ఉక్కపోత, మన ఇసుక

ఎండ కన్నా ఉక్క ప్రమాదం. చెమట ఆరితేనే గుర్రం చల్లబడుతుంది, విశాఖ గాలిలో అది ఆరదు. ఫోన్‌లో ఉష్ణోగ్రతను ఫారన్‌హీట్‌లో చూసి, గాలిలో తేమ శాతాన్ని దానికి కలపండి. 130 లోపు ఉంటే నిశ్చింత. 150 దాటితే పని తగ్గించాలి. 180 దగ్గరపడితే స్వారీ లేదు. మే నెలలో పొద్దున ఆరు గంటలకు 82 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్నాయనుకోండి, 167 అయింది. చల్లగానే ఉందిగా అనిపించే వేళ అది. ఆ రోజు ఇరవై నిమిషాల నడక, ఐదు నిమిషాల ట్రాట్, అంతే.

పని అయ్యాక ముక్కుపుటాలు చూసి ఊపిరి లెక్కపెట్టండి. విశ్రాంతిలో నిమిషానికి 8 నుంచి 16. పదిహేను నిమిషాలైనా వేగం తగ్గకపోయినా, ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటినా ఆగకుండా చన్నీళ్ళు పోస్తూ వైద్యుణ్ణి పిలవండి. చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేస్తాయన్నది అపోహ. వేసవిలో పనిచేసిన గుర్రం అసలు చెమటే పట్టకుండా పొడిగా ఉంటే సంతోషించకండి. ఉక్క ప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడం ఆగిపోతుంది, అది జబ్బు. రోజుకు 40 నుంచి 50 గ్రాముల ఉప్పు దాణాలో అందుతోందా అని సయీసును అడగండి.

వానల్లో గిట్టల కింద నల్లగా, కంపు కొట్టే మెత్తదనం వస్తే అది థ్రష్. తడి పేడలో నిలబడడం వల్ల వస్తుంది. మందు కన్నా ముందు పొడి నేల కావాలి. తోలు సామానుకు బూజు పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో కడితే ఇంకా త్వరగా పడుతుంది. గ్లిజరిన్ సబ్బుతో తుడిచి, ఫ్యాను గాలి తగిలే చోట పెట్టండి. ఉప్పుగాలికి బకిల్స్ తుప్పుపడతాయి. రికాబు పట్టీ కుట్టు నెలకోసారి గుంజి చూడండి, ట్రాట్ మధ్యలో తెగేది అదే.

సముద్రతీరంలో పరుగు తీయాలని అందరికీ ఉంటుంది. నడక, ట్రాట్, పరుగు మూడు గమనాల్లోనూ మైదానంలో నిలకడ వచ్చాక, కోచ్ తోడుంటేనే వెళ్ళండి. ఆటుపోటు వేళలు చూసుకుని, నీరు వెనక్కి తగ్గినప్పుడు, తడిసి గట్టిపడిన ఇసుక మీదే నడపండి. పొడి ఇసుకలో కాలు దిగబడి స్నాయువులు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళు) దెబ్బతింటాయి. కుక్కలు, గాలిపటాలు, మొక్కజొన్న బండి గొడుగు, ఏదైనా గుర్రాన్ని బెదరగొట్టవచ్చు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో పైఇసుక జోలికి పోవద్దు.

ఇసుక నేల మీద మేత వేసే లాయాల్లో గుర్రాలు ఇసుక మింగుతాయి, అది పేగులో పేరుకుంటుంది. నాలుగు పేడ ముద్దలు పారదర్శకమైన సంచిలో వేసి నీళ్ళు పోసి వేలాడదీయండి. పావుగంటలో అడుగున ఇసుక కనిపిస్తే మేత తొట్టెలోకి మార్చమని చెప్పండి. గుర్రం పొట్టవైపు తిరిగి చూసుకుంటూ, కాలితో నేల గీరుతూ, పడి దొర్లుతుంటే కడుపునొప్పి. మేత తీసేసి వెంటనే వైద్యుణ్ణి పిలవాలి. మన చుట్టుపక్కల పశువైద్యుల్లో గుర్రాలు చూసేవారు తక్కువ. అవసరం పడకముందే ఎవరు చూస్తారో కనుక్కుని, నంబరు లాయం తలుపు మీద రాసి పెట్టించండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా విచారించవచ్చు.

సొంత గుర్రం

రెండేళ్ళు ఆగండి. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అన్నది ఊరికే కాదు. మీరు ఊళ్ళో లేకపోయినా, గుర్రం కుంటుతూ ఆరు నెలలు నిలబడినా, మేత, లాయం అద్దె, సయీసు జీతం, ఏడాదికి తొమ్మిది సార్లు లాడాలు, పళ్ళు అరగదీయించడం, టీకాలు, నులిపురుగుల మందు ఆగవు. మధ్యేమార్గం ఒకటుంది. లాయంలోని గుర్రాన్ని ఇద్దరు కలిసి వారానికి మూడేసి రోజులు పంచుకుని, ఏడో రోజు దానికి సెలవివ్వడం. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, ఎవరు ఎంత వేగం వరకు నడపవచ్చు అన్నవి మాత్రం ముందే కాగితం మీద రాసుకోండి.

తుపాను కాలంలో ఏం చేస్తారని లాయం వారిని అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటూ నీళ్ళూ లేవు. బోరు మోటారు మీద నడిచే లాయంలో ఒక్కో గుర్రానికి కనీసం మూడు రోజుల నీళ్ళు, అంటే 150 లీటర్లు, డ్రమ్ముల్లో ఉండాలి. రేకుల కప్పు ఎగిరిపోకుండా ఎలా కట్టారో చూడండి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా కొనాలనే ఉంటే ఒక తీసివేత చేయండి. గుర్రం 25 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది. మీకు 48, గుర్రానికి 8 అయితే, అది స్వారీకి పనికిరాకుండా పోయే 22వ ఏట మీకు 62. అప్పటికి జీతం ఉండదు. ఆ తర్వాతి ఏళ్ళ మేత డబ్బు ఇప్పుడే లెక్కలో పెట్టండి. పందేల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి అందంగా ఉంటాయి. కానీ పరుగు తప్ప ఇంకేమీ నేర్పని గుర్రం కొత్తవాడికి పనికిరాదు. పది పన్నెండేళ్ళ వయసున్న, నలుగురు కొత్తవాళ్ళను మోసిన నిదానపు గుర్రం కావాలి.

డబ్బు ఇచ్చేముందు మీ తరఫు వైద్యుడితో పరీక్ష చేయించండి, అమ్మేవారి వైద్యుడితో కాదు. గ్లాండర్స్, ఈక్వైన్ ఇన్ఫెక్షస్ అనీమియా అనే అంటురోగాల రక్తపరీక్షల నివేదికలు అడగండి. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది, నిర్ధారణ అయితే చట్టప్రకారం గుర్రాన్ని చంపేయాల్సి వస్తుంది. నివేదికలో రాసిన గుర్తులు, అంటే నుదుటి చుక్క, కాళ్ళ తెలుపు, సుడులు, ఎదురుగా ఉన్న గుర్రంతో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. సుడులు వైద్యుడికి గుర్రాన్ని గుర్తుపట్టే వేలిముద్రల్లాంటివి, అంతవరకే. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి అరిష్టమని ఎవరైనా అంటే మాత్రం కొట్టిపారేయకండి. ఆ మాట మీద అమ్మేవారిని ధర తగ్గించమనండి.